పైథాన్‌లో డేటా రకాలు ఎంత మెమరీ తీసుకుంటాయి: తెలుగు పాఠంతో సహా లెక్క కట్టే విధానం

సీ భాషలో పూర్ణాంకానికి సాధారణంగా నాలుగు బైట్లు, డబుల్ రకానికి ఎనిమిది బైట్లు అని పాఠ్యపుస్తకంలోని చిన్న పట్టికను చూసి చెప్పేయవచ్చు. పైథాన్‌లో అలాంటి పట్టికను బట్టీ పట్టి ప్రయోజనం లేదు. ఇక్కడ ప్రతి విలువా ఒక ఆబ్జెక్ట్. దాని అసలు విలువ కంటే దానికి తగిలించిన శీర్షిక భాగమే చాలాసార్లు పెద్దది. లిస్టులూ డిక్షనరీలూ విలువలను తమలో ఉంచుకోకుండా వాటి చిరునామాలను మాత్రమే ఉంచుకుంటాయి. ఈ రెండు సంగతులు పట్టుబడితే మిగిలిన అంకెలను ఎవరికి వారే రాబట్టుకోవచ్చు. తెలుగు పాఠంతో పని చేసేవారికి ఈ లెక్క మరింత అవసరం, ఎందుకంటే ఇంగ్లీషు ఉదాహరణలతో రాసిన వివరణల్లోని అంకెలు మన అక్షరాలకు వర్తించవు.

ఈ వ్యాసంలోని అంకెలన్నీ 64 బిట్ల యంత్రంపై నడిచే సీపైథాన్ (చాలామంది వాడే ప్రామాణిక పైథాన్) 3.12కు సంబంధించినవి. కూర్పు మారితే కొన్ని అంకెలు మారతాయి. ఉదాహరణకు ఖాళీ స్ట్రింగ్ (అక్షరాల వరుస) 3.11లో 49 బైట్లు ఉండేది, 3.12లో 41కి తగ్గింది. కనుక మొదటి పనిగా మీ యంత్రంలో ఉన్న కూర్పు ఏదో చూసుకొని, ఇక్కడ చెప్పిన ప్రతి కొలతనూ అక్కడ ఒకసారి సరిచూసుకోండి.

ఒక్కొక్క విలువను కొలవడం

కొలిచే పనిముట్టు పైథాన్‌తోనే వస్తుంది. సిస్ అనే మాడ్యూల్‌ను దిగుమతి చేసుకొని, అందులోని గెట్‌సైజ్‌ఆఫ్ ఫంక్షన్‌కు ఏ ఆబ్జెక్టును అందించినా అది బైట్ల సంఖ్యను తిరిగి ఇస్తుంది. దశాంశ సంఖ్యతో, అంటే ఫ్లోట్‌తో, మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే దాని నిర్మాణం అన్నిటికన్నా సరళం. ఫంక్షన్ 24 అని చెబుతుంది. అందులో 8 బైట్లు ఆ ఆబ్జెక్టును ఎన్ని చోట్ల వాడుతున్నారో లెక్కపెట్టే రిఫరెన్స్ కౌంటుకు, 8 బైట్లు అది ఏ రకానికి చెందినదో చూపే పాయింటరుకు, అంటే మెమరీ చిరునామాకు, పోతాయి. మిగిలిన 8 మాత్రమే అసలు సంఖ్యవి. విలువ ఏమీ మోయని నన్ అనే ఆబ్జెక్ట్ 16 బైట్లు ఉండడానికి కారణం ఈ మొదటి రెండు భాగాలే.

పూర్ణాంకాలకు పైథాన్‌లో పరిమితి లేదు. ఎంత పెద్ద సంఖ్యనైనా దాచుకోవడానికి వీలుగా దానిని 30 బిట్ల ముక్కలుగా విడగొట్టి, ముక్కకు 4 బైట్ల చొప్పున పెడుతుంది. 1 అనే సంఖ్య 28 బైట్లు. రెండు ముప్పయ్యవ ఘాతం, అంటే సుమారు 107 కోట్లు, దాటితే రెండో ముక్క అవసరమై 32 బైట్లవుతుంది. పది అంకెల మొబైల్ నంబరు, పన్నెండు అంకెల ఆధార్ సంఖ్య ఈ 32 బైట్ల కోవలోకి వస్తాయి. ఆరంకెల పిన్‌కోడ్ 28లోనే సరిపోతుంది. అదే మొబైల్ నంబరును స్ట్రింగుగా దాస్తే 51 బైట్లు. ముందు సున్నా వచ్చే అవకాశం ఉన్న సంఖ్యలను స్ట్రింగుగానే ఉంచాలి. భారతీయ మొబైల్ నంబరుకు, ఆధార్‌కు ఆ చిక్కు లేదు.

గెట్‌సైజ్‌ఆఫ్ చెప్పని సంగతి ఒకటుంది. 512 బైట్ల లోపు ఆబ్జెక్టులకు పైథాన్ సొంత మెమరీ కేటాయింపు వ్యవస్థ 16 బైట్ల గుణిజాల్లో స్థలం ఇస్తుంది. అందుచేత 24 బైట్ల ఫ్లోటుకూ, 28 బైట్ల చిన్న పూర్ణాంకానికీ నిజంగా కేటాయించేది 32 బైట్లే. పిన్‌కోడ్‌కూ మొబైల్ నంబరుకూ మధ్య కాగితంపై కనిపించే 4 బైట్ల తేడా యంత్రంలో లేనే లేదు. ఒకటి రెండు బైట్ల పొదుపు కోసం తంటాలు పడేవారు ముందు ఈ గుణిజాన్ని గుర్తుచేసుకోవాలి.

−5 నుంచి 256 వరకు ఉన్న పూర్ణాంకాలను సీపైథాన్ ముందే తయారు చేసి ఉంచుకుంటుంది. ప్రోగ్రామ్ అంతటా అవే ఆబ్జెక్టులు పంచుకోబడతాయి. నిజం, అబద్ధం అనే బూలియన్ విలువలు రెండూ అంతే. పది లక్షల మంది వయసులను లిస్టులో పెట్టినా వయసు అనే సంఖ్యలకు అదనపు ఖర్చు ఉండదు, వాటిని చూపే పాయింటర్లకు మాత్రమే ఉంటుంది.

తెలుగు స్ట్రింగుల లెక్క వేరు

2012లో వెలువడిన పైథాన్ 3.3 నుంచి స్ట్రింగు లోపలి అమరిక దానిలోని అతి పెద్ద అక్షర సంకేతాన్ని బట్టి ఉంటుంది. స్ట్రింగులో ఉన్నవన్నీ యూనికోడ్ సంఖ్య (అన్ని లిపుల అక్షరాలకూ ఇచ్చిన ప్రామాణిక సంఖ్య) 255 లోపు అక్షరాలైతే ఒక్కొక్కదానికి ఒక బైటు, 65,535 లోపువైతే రెండు బైట్లు, అంతకు మించినది ఒక్కటున్నా మొత్తం స్ట్రింగులో ప్రతి అక్షరానికీ నాలుగు బైట్లు. తెలుగుకు యూనికోడ్‌లో 3072 నుంచి 3199 వరకు స్థానాలున్నాయి కనుక తెలుగు స్ట్రింగు ఎప్పుడూ కనీసం రెండు బైట్ల అమరికలోనే ఉంటుంది.

సూత్రాలు ఇవి. కేవలం ఆస్కీ అక్షరాలు (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు) ఉన్న స్ట్రింగుకు 41 బైట్లు, దానికి అక్షరానికొకటి చొప్పున కలపాలి. తెలుగు స్ట్రింగుకు 58 బైట్లు, దానికి అక్షరానికి రెండేసి కలపాలి. ఎమోజీ ఉన్న స్ట్రింగుకు 60 బైట్లు, దానికి అక్షరానికి నాలుగేసి కలపాలి.

ఇక్కడ అక్షరం అంటే బడిలో నేర్చుకున్న అక్షరం కాదని గమనించాలి. శ్రీకాకుళం అనే మాట మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ దృష్టిలో మాత్రం శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న కలిసి పది. కనుక దాని పరిమాణం 58కి 20 కలిపి 78 బైట్లు. ఇంగ్లీషు లిపిలో ఈ ఊరి పేరును పదక్షరాలతో రాస్తే 51 బైట్లు. పొల్లు తర్వాత వత్తు పడకుండా ఆపడానికి వాడే, కంటికి కనబడని విడదీత గుర్తు కూడా ఒక అక్షరంగానే లెక్కకు వస్తుంది; టైపు చేసిన పరికరాన్ని బట్టి ఒకే మాటలో అది ఒకచోట ఉండి మరోచోట లేకపోవచ్చు.

ఫైలులోకి వెళ్లేసరికి బొమ్మ మారుతుంది. ఫైళ్లలో పాఠాన్ని రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. శ్రీకాకుళం ఫైలులో 30 బైట్లు, మెమరీలో అక్షరాల భాగం మాత్రం 20 బైట్లు. అంటే పెద్ద తెలుగు పాఠాన్ని ఒకే స్ట్రింగుగా చదివినప్పుడు అది మెమరీలో ఫైలు కంటే తక్కువ చోటే పడుతుంది. దానిని యూటీఎఫ్-8 బైట్లుగానే ఉంచే బైట్స్ రకంగా మార్చి దాచుకుంటే స్థలం కలిసి వస్తుందనే సలహా ఇంగ్లీషు పాఠంలోనూ పెద్దగా నిలవదు, తెలుగు విషయంలో పెద్ద స్ట్రింగులకు తలకిందులవుతుంది. చిన్న మాటలకు మాత్రం కొంత నిజమే: బైట్స్ ఆబ్జెక్టు శీర్షిక 33 బైట్లే కనుక శ్రీకాకుళం అందులో 63 బైట్లలో ఇముడుతుంది. శీర్షికల్లోని తేడా 25 బైట్లు. అక్షరానికి ఒక బైటు చొప్పున ఎదురు నష్టం వస్తుంది కనుక 25 సంకేతాల దగ్గర రెండూ సమానమవుతాయి.

ఒక్క అక్షరం మొత్తం స్ట్రింగును ఎలా పెంచుతుందో చూడండి. పదివేల ఇంగ్లీషు అక్షరాల పాఠం 10,041 బైట్లు. దానికి చివర ఒక రూపాయి గుర్తు చేర్చండి. ఆ గుర్తు యూనికోడ్ సంఖ్య 8377 కనుక స్ట్రింగు అంతా రెండు బైట్ల అమరికలోకి మారి 20,060 అవుతుంది. పదివేల సంకేతాల తెలుగు పాఠం 20,058 బైట్లు. దాని చివర ఒక నవ్వు ముఖం ఎమోజీ చేర్చితే 40,064. సామాజిక మాధ్యమాల నుంచి సేకరించిన పోస్టులను ఒకే పొడవైన స్ట్రింగుగా అతికించే అలవాటు ఉన్నవారు ఈ కారణంగా రెట్టింపు మెమరీ చెల్లిస్తుంటారు. పోస్టులను విడివిడిగా ఉంచితే ఎమోజీ ఉన్నవే పెరుగుతాయి.

తెలుగుకు ఇంకా పెద్ద దెబ్బ తగిలేది స్ట్రింగును అక్షరాల లిస్టుగా మార్చినప్పుడు. 255 లోపు సంకేతాలకు ఒంటి అక్షరపు స్ట్రింగులను పైథాన్ ముందే సిద్ధంగా ఉంచుకుంటుంది. అందువల్ల ఇంగ్లీషు పాఠాన్ని అక్షరాల లిస్టుగా మారిస్తే అక్షరానికి 8 బైట్ల పాయింటరు మాత్రమే ఖర్చు. తెలుగు అక్షరాలకు ఆ ఏర్పాటు లేదు. అదే అక్షరం వెయ్యిసార్లు వచ్చినా వెయ్యి కొత్త ఆబ్జెక్టులు పుడతాయి. ఒక్కొక్కటి 60 బైట్లు, కేటాయింపులో 64, దానికి పాయింటరు 8, వెరసి అక్షరానికి 72 బైట్లు. స్ట్రింగులో రెండు బైట్లలో ఉన్నది ముప్పయ్యారు రెట్లయింది. అక్షరాల తరచుదనం లెక్కించడానికి లిస్టు అవసరం లేదు. స్ట్రింగు మీదే నేరుగా ఫర్ లూప్ నడిపితే ఒక్కొక్క తాత్కాలిక ఆబ్జెక్టూ తన పని కాగానే విడుదలవుతుంది.

మాటలుగా విడగొట్టినప్పుడూ ఇదే జరుగుతుంది, తీవ్రత కొంచెం తక్కువ. అని అనే మాట మూడు సంకేతాలు, 64 బైట్లు. అది పాఠంలో ఎన్నిసార్లు వస్తే స్ప్లిట్ ఫంక్షన్ అన్ని వేరువేరు ఆబ్జెక్టులు ఇస్తుంది. మాటలన్నిటినీ లిస్టుగా ఉంచుకోవలసిందే అనుకుంటే ప్రతి మాటనూ సిస్ మాడ్యూల్‌లోని ఇంటర్న్ ఫంక్షన్ గుండా పంపి, అది తిరిగి ఇచ్చిన స్ట్రింగునే లిస్టులో పెట్టండి. ఒకే మాటకు ఒకే ఆబ్జెక్టు మిగిలి, పునరావృతాలకు 8 బైట్ల చొప్పున మాత్రమే ఖర్చవుతుంది.

లిస్టు, టపుల్, డిక్షనరీ, సెట్

ఖాళీ లిస్టు 56 బైట్లు, ఖాళీ టపుల్ 40 బైట్లు. రెండింటిలోనూ మూలకానికి 8 బైట్ల పాయింటరు. వాడుక ముగిసిన ఆబ్జెక్టులను తొలగించే చెత్త సేకరణ వ్యవస్థ తన కోసం ముందు తగిలించుకునే 16 బైట్లు కూడా ఈ అంకెల్లో కలిసే ఉన్నాయి. టపుల్ పరిమాణం మారదు కనుక కచ్చితంగా సరిపడా స్థలం తీసుకుంటుంది. లిస్టుకు ఒక్కొక్కటిగా చేరుస్తూ పోతే ముందుచూపుతో అదనపు గదులు తీసుకుంటుంది: మొదటి మూలకానికే నాలుగు గదులు తీసుకొని 88 బైట్లవుతుంది, అయిదో మూలకానికి 120, తొమ్మిదో మూలకానికి 184. ఈ అదనం వృథా అనుకోనక్కరలేదు. అది లేకపోతే ప్రతి చేర్పుకూ లిస్టు మొత్తాన్ని కొత్త చోటుకు తరలించాల్సి వచ్చేది.

డిక్షనరీ ఖాళీగా 64 బైట్లు. మొదటి జత (కీ, దాని విలువ) చేరగానే ఎనిమిది గదుల పట్టిక వస్తుంది; అందులో అయిదు జతల వరకు పడతాయి. కీలన్నీ స్ట్రింగులైతే పరిమాణం 184, లేదంటే 224. ఈ తేడా 3.11 నుంచి వచ్చింది. స్ట్రింగు తన హ్యాష్ విలువను (పట్టికలో స్థానాన్ని నిర్ణయించే సంఖ్యను) తనలోనే దాచుకుంటుంది కనుక పట్టికలో దానిని మళ్లీ రాయడం మానేశారు. ఆరో జతకు ఈ అంకెలు 272, 352 అవుతాయి.

సెట్ లిస్టు కంటే చాలా ఖరీదైనది. ఖాళీ సెట్ 216 బైట్లు, అయిదో మూలకం చేరగానే 728. 0 మొదలుకొని పది లక్షల సంఖ్యలున్న సెట్ పట్టిక ఒక్కటే 3,35,54,648 బైట్లు ఉంటే, అవే సంఖ్యలను రేంజ్ నుంచి లిస్టుగా మారిస్తే ఆ లిస్టు 80,00,056 బైట్లు. రేంజ్ ఆబ్జెక్టు మాత్రం అంకెలు పదైనా వంద కోట్లయినా 48 బైట్లే, ఎందుకంటే మొదలు, చివర, అడుగు, పొడవు అనే వాటిని తప్ప అది దేనినీ దాచుకోదు.

లోపలి విలువలతో కలిపి కొలవడం

చిరునామాల పుస్తకాన్ని తూచి ఊళ్లోని ఇళ్ల బరువు చెప్పలేం కదా. లిస్టు మీద గెట్‌సైజ్‌ఆఫ్ నడపడం అలాంటిదే. సున్నాను పది లక్షలసార్లు నింపిన లిస్టు 80,00,056 బైట్లు, పది లక్షల వేర్వేరు సంఖ్యల లిస్టూ అదే 80,00,056 బైట్లు. మొదటి దానిలో అన్ని గదులూ చూపేది ఒకే సున్నాను. రెండో దానిలో సంఖ్యలకు విడిగా దాదాపు 3 కోట్ల 20 లక్షల బైట్లు కేటాయించబడి ఉంటాయి. కొలత ఒకటే, నిజమైన ఖర్చు అయిదు రెట్ల తేడా.

కనుక లోపలికి దిగి కొలిచే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకోవాలి. చూసిన ఆబ్జెక్టుల గుర్తింపు సంఖ్యలను, అంటే ఐడీ ఫంక్షన్ ఇచ్చే విలువలను, ఒక సెట్‌లో పెట్టుకుంటూ పోవాలి. కొత్త ఆబ్జెక్టు వస్తే దాని గెట్‌సైజ్‌ఆఫ్‌ను మొత్తానికి కలపాలి. ముందే చూసినదైతే సున్నా ఇవ్వాలి. డిక్షనరీ అయితే కీలలోకీ విలువల్లోకీ, లిస్టు, టపుల్, సెట్, ఫ్రోజెన్‌సెట్ (మార్చడానికి వీల్లేని సెట్) అయితే మూలకాల్లోకీ మళ్లీ అదే ఫంక్షన్‌తో దిగాలి. మరి దేనిలోకీ దిగకూడదు.

ఆ చివరి వాక్యాన్ని తేలిగ్గా తీసుకొని, ఫర్ లూప్ నడవగల ప్రతి ఆబ్జెక్టులోకీ దిగేలా రాసినవి తరచూ కనిపిస్తాయి. అది స్ట్రింగుల దగ్గర చెడుతుంది: ఒంటి అక్షరపు స్ట్రింగును తిప్పినా మళ్లీ ఒంటి అక్షరపు స్ట్రింగే వస్తుంది. ఇంగ్లీషు అక్షరమైతే పంచుకునే ఆబ్జెక్టు కనుక ముందే చూశామన్న పరీక్ష దానిని ఆపేస్తుంది, తప్పు బయటపడదు. తెలుగు అక్షరమైతే ప్రతిసారీ కొత్త ఆబ్జెక్టు పుట్టి, దిగుడుకు అంతం లేక రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) పరిమితి దాటిన దోషంతో ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఇంగ్లీషు డేటాతో మాత్రమే పరీక్షించి ఊరుకుంటే ఇది ఎప్పటికీ తెలియదు.

పొదుపు ఎక్కడ దొరుకుతుంది

పేరు, జిల్లా, ఫోను, పిన్‌కోడ్ అనే నాలుగు అంశాల నమోదులు పది లక్షలు ఉన్నాయనుకుందాం. విలువలను పక్కనపెట్టి, వాటిని పట్టి ఉంచే పెట్టె ఖర్చే చూస్తే, గుణిజాల సవరణ తర్వాత, టపుల్‌కు 80 బైట్లు, సరిగ్గా నాలుగు గదుల లిస్టుకు 96, డిక్షనరీకి 192 పడతాయి. పది లక్షల నమోదులకు టపుల్ 8 కోట్ల బైట్లు, డిక్షనరీ 19 కోట్ల 20 లక్షలు. నా అభిప్రాయంలో చదవడానికి వీలుగా ఉండే డిక్షనరీని వేలల్లో నమోదులున్నంతవరకు మార్చనక్కరలేదు. లక్షల్లోకి వెళ్లినప్పుడు నేమ్డ్‌టపుల్ (గదులకు పేర్లున్న టపుల్) గాని, స్లాట్స్ ప్రకటించిన (అంశాల పేర్లను ముందే స్థిరపరచిన) క్లాసు గాని వాడాలి. పేర్లతో పిలిచే సౌకర్యం పోకుండా ఖర్చు టపుల్ స్థాయికి దిగుతుంది.

వరుసకొక జేసన్ (డేటాను కీ, విలువ జతలుగా రాసే పాఠ రూపం) నమోదు ఉండే ఫైళ్లను చదివేటప్పుడు ఇంకొక ఖర్చు దాగి ఉంటుంది. ఒకే పిలుపులో చదివిన పాఠంలో కీల పేర్లను జేసన్ మాడ్యూల్ పంచుకుంటుంది గాని, పిలుపుకూ పిలుపుకూ మధ్య పంచుకోదు. ప్రతి వరుసనూ విడిగా చదివితే పేరు, జిల్లా అనే కీలు కూడా ప్రతి నమోదుకూ కొత్తగా పుడతాయి. చదివిన వెంటనే టపుల్‌లోకి మార్చేస్తే ఈ కీలన్నీ విడుదలవుతాయి. జిల్లా పేర్ల వంటి పదే పదే వచ్చే విలువలను ఇంటర్న్ చేయండి: శ్రీకాకుళం అని లక్ష నమోదుల్లో ఉంటే విడివిడిగా 80 లక్షల బైట్లు, ఇంటర్న్ చేస్తే 80 బైట్లు. ఒక్క పిలుపుతో ఇంత పొదుపు మరెక్కడా దొరకదు.

అన్నీ సంఖ్యలే ఉన్నప్పుడు లిస్టును వదిలి అరే మాడ్యూల్‌కో నంపైకో (సంఖ్యల లెక్కలకు విడిగా దొరికే లైబ్రరీ) వెళ్లాలి. పది లక్షల ఫ్లోటులు లిస్టులో దాదాపు 4 కోట్ల బైట్లు తీసుకుంటే, డబుల్ రకపు అరేలో 80 లక్షలకు కొంచెం ఎక్కువ. వయసుల వంటి 255 లోపు సంఖ్యలకు బైట్అరే చాలు. మూలకానికి ఒక్క బైటే. అయితే అరే, నంపైల నుంచి ఒక విలువను బయటకు తీసినప్పుడల్లా పైథాన్ ఆబ్జెక్టును తయారు చేయాల్సి వస్తుంది కనుక ఒక్కొక్క మూలకంతో లూప్ నడిపే ప్రోగ్రాము వేగం పెరగదు.

చివరి సరిచూపు

కాగితంపై వేసిన లెక్కను నడుస్తున్న ప్రోగ్రాముతో పోల్చాలి. పైథాన్ 3.4 నుంచి వస్తున్న, మెమరీ కేటాయింపులను నమోదు చేసే ట్రేస్‌మాలాక్ మాడ్యూల్‌ను డేటా తయారు కావడానికి ముందే ప్రారంభించి, తర్వాత ప్రస్తుత, గరిష్ఠ వినియోగాలను అడగండి. స్నాప్‌షాట్ తీసుకుంటే ఏ వరుసలో ఎంత కేటాయింపు జరిగిందో కూడా చూపుతుంది. అడిగిన బైట్లను మాత్రమే అది లెక్కిస్తుంది, 16 బైట్ల గుణిజానికి పెంచిన భాగాన్ని కలపదు. కనుక ఆపరేటింగ్ సిస్టమ్ చూపే ప్రాసెస్ పరిమాణం దానికన్నా ఎక్కువే ఉంటుంది. ఆ పరిమాణం చేరిన గరిష్ఠాన్ని లినక్స్‌లో రిసోర్స్ మాడ్యూల్ కిలోబైట్లలోను, మ్యాక్‌లో బైట్లలోను ఇస్తుంది. రెంటినీ ఒకే ప్రమాణమనుకొని పోల్చితే వెయ్యి రెట్ల తేడా కనిపించి కంగారు పడతారు.

పెద్ద లిస్టును తొలగించాక కూడా ప్రాసెస్ పరిమాణం తగ్గకపోవచ్చు. చిన్న ఆబ్జెక్టులకు పైథాన్ పెద్ద ఖండాలుగా మెమరీ తెచ్చుకుంటుంది. ఒక ఖండంలో ఒక్క ఆబ్జెక్టు బతికి ఉన్నా ఆ ఖండం ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి వెళ్లదు, పైథాన్ దానిని తర్వాతి అవసరాలకు అట్టిపెట్టుకుంటుంది. రోజుల తరబడి నడిచే సర్వరులో ఒకసారి మాత్రమే భారీ డేటాను చదవాల్సి ఉంటే ఆ పనిని మల్టీప్రాసెసింగ్ ద్వారా వేరే ప్రాసెస్‌లో చేయించి, ఫలితాన్ని మాత్రం తెచ్చుకోండి. ఆ ప్రాసెస్ ముగియగానే దాని మెమరీ అంతా ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరిపోతుంది.